కొండగోరింట: విత్తనం నుండి పువ్వు దాకా

(మన సంఘం నెలసరి సభలో చేసిన ప్రసంగ పాఠం)

 

పువ్వుల మొక్కను గురించి నాలుగు మాటలు చెప్పవలసిందని కార్యదర్శిగారు అడిగినప్పుడు మేము కొంత జంకినాము. మెట్రిక్ పరీక్షతో చదువు చాలించి, కూనూరు స్టేషనులో పార్సెలు రసీదులు వ్రాసుకొనే గుమాస్తాకు వృక్షశాస్త్రంతో ఏమి పని అని మీరు అడగవచ్చు. నిజమే, శాస్త్రం మాకు రాదు. కాని ఒక మొక్కను విత్తనం నుండి పెంచడానికి మాకు మూడేండ్లు పట్టింది. రెండుసార్లు ఓడినాము. మూడవసారి గెలిచినాము. ఆ ఓటములలో నేర్చుకొన్నదే ఇక్కడ చెప్పబోవుచున్నాము.

ముందుగా ఆ మొక్క ఏదో చెప్పవలె. మీలో పెద్దలందరూ ముద్దగోరింట ఎరుగుదురు. చేతులకు పెట్టుకొనే గోరింటాకు కాదు. వానకాలంలో పెరటిలో గులాబి, తెలుపు, ఎరుపు రంగుల్లో పూచే చిన్న మొక్క. దాని కాయ ముదిరిన తరువాత వ్రేలితో తాకితే చాలు, చిటుక్కున పగిలి చుట్టలు చుట్టుకొని విత్తనాలను దూరంగా విసరుతుంది. చిన్నప్పుడు ఆ కాయలను చిదిమి ఆడుకొననివారు మనలో తక్కువ. ఈ జాతి మొత్తానికి శాస్త్రజ్ఞులు ఇంపేషియన్స్ అని పేరు పెట్టినారు. ఓపిక లేనిది అని దాని అర్థం. కాయ స్వభావాన్ని బట్టి వచ్చిన పేరు.

ఈ జాతి మొక్కలు భారతదేశంలో 200 రకాలకు పైగా ఉన్నవి. హిమాలయాలలోను, ఈశాన్యపు కొండలలోను, మన పడమటి కనుమలలోను ఇవి ఎక్కువ. పడమటి కనుమల రకాలలో చాలా భాగం ప్రపంచంలో మరెక్కడా పుట్టవు. వానిలో ఒకటి మన నీలగిరులలో వాగుల ప్రక్కన, శోలా అడవుల నీడలో, ఎప్పుడూ తడిగా ఉండే చోట పెరుగుతుంది. నడుము ఎత్తు దాకా పొదలాగ లేస్తుంది. తెల్లని పువ్వు, నడుమ కొంచెం ఎర్రని ఛాయ, వెనుక సన్నని తోక. దీని శాస్త్రనామం ఇంపేషియన్స్ లెషెనోల్టియై. లెషెనో అనే ఫ్రెంచి శాస్త్రజ్ఞుడు 1816లో పుదుచ్చేరికి వచ్చి, అక్కడి ఉద్యానం చూచుకొంటూ నీలగిరులలో కూడా మొక్కలు సేకరించినాడు. ఆయన పేరే దీనికి నిలిచింది. తెలుగులో దీనికి పేరు వినలేదు గనుక, మా యింట్లో మేము కొండగోరింట అని పిలుచుకొంటున్నాము.

ఇది మాకు ఎట్లా పరిచయమైనదంటే, పని మీద అప్పుడప్పుడు ఊటీ వైపు పోవలసి వస్తుంది. కేత్తి దాటిన తరువాత ఒక చోట కొండను కోసి పట్టాలు వేసినారు. ఆ కోత ప్రక్కన నీరు పోయే మట్టి కాలువ ఉండేది. కాలువ గట్టున ఈ పొదలు ఇరవై ముప్పై గుంపుగా నిలిచి, వాన వెలిసిన వేళ తెల్లగా మెరిసేవి. బండి అక్కడ నెమ్మదిగా పోతుంది గనుక కళ్ళారా చూడవచ్చు. ఒకనాడు మా అమ్మను ఊటీ ఆసుపత్రికి తీసుకొని పోవుచుండగా ఆమె కిటికీలోనుంచి చూచి, "ఒరే, అది మన గోరింట మాదిరే ఉండాదే!" అన్నది. మా తాతగారు చిత్తూరు ప్రాంతం నుండి రైల్వే కొలువుకై వచ్చినవారు. అమ్మ పుట్టింటి పెరడు గుర్తుకు వచ్చి ఆ దినమంతా అదే మాట్లాడింది. అప్పుడే దీనిని ఇంటి వద్ద పెంచవలెనని మాకు బుద్ధి పుట్టింది.

2021 నవంబరులో, లైను మీద పనిచేసే ఒక ట్రాక్‌మన్ అన్న సాయంతో కాయలు తెప్పించుకొన్నాము. నలభై రెండు విత్తనాలు దక్కినవి. బాగా ఎండబెట్టి, కాగితంలో పొట్లం కట్టి, ఆఫీసు సొరుగులో భద్రపరచినాము. వడ్లు, కందులు, ఆవాలు ఏవైనా ఎండబెట్టి దాచడమే కదా మనవారి పద్ధతి! ఉగాది మంచి రోజు గనుక ఆ రోజునే విత్తుదామని నిర్ణయించుకొని, 2022 ఏప్రిల్ 2న వేపపువ్వు పచ్చడి తిన్న తరువాత ఇంటిల్లపాదీ నిలబడి విత్తినాము. అర అంగుళం లోతున నాటి, మన్ను కప్పి, పైనుండి చెంబుతో నీళ్ళు పోసినాము.

రెండు నెలలు చూచినాము. ఒక్కటి మొలవలేదు.

అమ్మ నవ్వి, "దప్పికైన విత్తనాన్ని ఐదు నెలలు ఎండగట్టి, ఇప్పుడు నీళ్ళు పోస్తే ఏమి తాగుతుందిరా?" అన్నది. ఆలోచిస్తే అందులో గొప్ప సంగతి ఉన్నది. వడ్ల గింజ ఎండకాలం దాటడానికి ఏర్పడినది. ఈ మొక్క బ్రతికే చోట మన్ను సంవత్సరంలో ఎక్కువ కాలం తడిగానే ఉంటుంది. కాయ పగిలి గింజ పడేది కూడా తడిమట్టి మీదనే. అటువంటి గింజకు పొడి పొట్లం చెరసాల వంటిది. ఇక రెండవ తప్పు: ఆవగింజకంటె పెద్దది కాని గింజను అర అంగుళం లోతున పూడ్చినాము. అడవిలో దానిని ఎవరు పూడ్చుచున్నారు? నాచు మీద పడుతుంది, వెలుతురు చూస్తూనే మొలుస్తుంది.

2022 అక్టోబరులో మళ్ళీ ప్రయత్నించినాము. ఈసారి తెచ్చిన మరునాడే విత్తినాము. పూడ్చలేదు. తడి కావలెనని నేర్చుకొన్నాము గదా, ఆ ఉత్సాహంలో రోజుకు మూడుసార్లు నీళ్ళు పోసి, గాజు పలక మూసి, గాలి తగలకుండ ఉంచినాము. పదునాలుగవ రోజున మొలకలు కనబడినవి. ముప్పై ఒకటి! మా అమ్మాయి లెక్కపెట్టి, తెలుగు అంకెలలో పలక మీద వ్రాసింది. అది ఇంగ్లీషు బడిలో చదువుచున్నది, వీధిలో తమిళం మాట్లాడుతుంది. తెలుగులో వ్రాయమంటే పారిపోయే పిల్ల. మొలకల మోజులో వ్రాసింది.

నాలుగు రోజులు తిరగకముందే మొలకల మెడలు నల్లబడి, ఒకదాని మీద ఒకటి పడిపోయినవి. ఇరవై తొమ్మిది చచ్చినవి. మిగిలిన రెండు వారం తరువాత పోయినవి. దీనిని నారుకుళ్ళు అంటారు. మిరప నారు, టమాట నారు పోసేవారికి తెలిసిన తెగులే. మన్నులోని బూజు జాతి క్రిములు నిలవ తేమలో, గాలి ఆడని చోట విజృంభించి లేత మెడను కొరికివేస్తవి. తేమను కోరే మొక్క వేరు, నీటిలో కుళ్ళిపోయే మొక్క వేరు. వాగు ప్రక్కన నీరు కదులుతూ ఉంటుంది, గాలి వీస్తూ ఉంటుంది. మా గాజు పలక క్రింద రెండూ లేవు.

అమ్మాయి పలక మీది 31 తుడిచివేయలేదు. దాని క్రింద సున్న వ్రాసి పెట్టింది. ఆ సున్న మమ్మల్ని చాలా నాళ్ళు చూచింది.

ఇక మూడవ ఏడు. 2023 సెప్టెంబరులో ఆ ట్రాక్‌మన్ అన్నే వచ్చి, "సార్, మీ పువ్వుల కాలువకు వచ్చే తడవ సిమెంటు వేస్తారంట. నవంబరు దాటితే పని మొదలు" అని చెప్పినాడు. మాకు మనస్సు చివుక్కుమన్నది. కాని మేము రైల్వే ఉప్పు తినుచున్నవారము. కొండలైను సంగతి మీకు తెలుసు. మెట్టుపాళెయం నుండి కూనూరు దాకా 1899లోను, ఊటీ దాకా 1908లోను పూర్తయిన మార్గం. 2005లో యునెస్కో ప్రపంచ వారసత్వ జాబితాలో చేరినది. పన్నెండు అడుగులకు ఒక అడుగు చొప్పున ఎక్కే చోట్లు ఉన్నవి. అటువంటి కొండకు వాననీరే శత్రువు. 2009 నవంబరులో నీలగిరులలో కొండచరియలు విరిగిపడి పలువురు ప్రాణాలు కోల్పోయినారు. కొండరైలు చాలాకాలం నిలిచిపోయింది. నీరు సరిగా పోయే కాలువ కావలసినదే. ప్రయాణీకుని ప్రాణంకంటె పువ్వు ఎక్కువ అని మేము అనజాలము. ఆ పని తప్పని ఇప్పటికీ అనము.

కాని కాలువకు సిమెంటు పడితే ఆ గుంపు ఉండదు. కనుక మాకు మిగిలినది ఒక్క కాపు.

కొమ్మ విరిచి తెచ్చి నాటవచ్చు గదా అని కొందరు మిత్రులు అడిగినారు. నాటవచ్చు. ఈ జాతి కాడలు తడి ఇసుకలో తేలికగా వేళ్ళు పట్టుతవి. అనుమతి తీసుకొని మేమూ రెండు కాడలు తెచ్చినాము, రెండూ బ్రతికినవి. అయితే కాడ నుండి వచ్చిన మొక్క తల్లికి అచ్చు నకలు. తల్లికి వచ్చే తెగులు దానికీ వస్తుంది, తల్లి ఓర్వలేని చలిని అదీ ఓర్వలేదు. విత్తనం అట్లా కాదు. ఈ జాతి పువ్వులో ముందు పుప్పొడి సంచులు పండి రాలిపోతవి, ఆ తరువాతనే అండకోశపు కొన తెరుచుకొంటుంది. అందుచేత సాధారణంగా పురుగులు మరొక పువ్వు నుండి పుప్పొడి మోసి తేవలె. కనుక ప్రతి గింజలోను కొత్త కలయిక. ఇరవై ముప్పై పొదల గుంపులోని భేదాలన్నీ నిలవవలెనంటే రెండు కాడలు చాలవు, పలు పొదల గింజలు కావలె.

ఈసారి చేసిన పద్ధతిని వరుసగా చెప్పుచున్నాము. ఆసక్తి గలవారు వ్రాసుకొనవచ్చు.

కాయ సేకరణ: పచ్చికాయ బిగువుగా, ముదురు రంగులో ఉంటుంది. పండేటప్పుడు ఉబ్బి, రంగు తేలి, లోపలి గింజల నీడ కనబడుతుంది. అప్పుడు తాకితే పగులుతుంది, గింజలు గడ్డిలో పోతవి. కనుక పండకముందే పలుచని మల్లుగుడ్డ సంచిని కాయ గుత్తికి తొడిగి దారంతో వదులుగా కట్టవలె. పగిలిన గింజలు సంచిలోనే ఉంటవి. మేము పదకొండు పొదలకు ఒక్కొక్క సంచి కట్టినాము. ఏ పొదకైనా సగం కాయలకు మించి తీయలేదు.

నిలవ: ఎండబెట్టలేదు. తడి నాచులో చుట్టి ఇంటికి తెచ్చి, రెండు రోజులలోపల విత్తినాము.

మన్ను: బాగా మాగిన ఆకుఎరువు రెండు పాళ్ళు, ముతక ఇసుక ఒక పాలు, తోటమన్ను ఒక పాలు. ఆకుఎరువు మా పెరటి గుంటలోనిదే. శోలా అడవి నుండి మన్ను త్రవ్వి తేవడం తప్పు, నేరం కూడా. ఈ కలగలుపు మీద మరిగే నీళ్ళు పోసి, చల్లారి నీరోడిన తరువాత వాడినాము. దీనితో నారుకుళ్ళు బాగా తగ్గింది.

విత్తడం: అడుగున చిల్లులు గల వెడల్పు మట్టిపాత్ర. గింజలను పైన చల్లి, చెక్కతో మెల్లగా అదిమి, సన్నని ఇసుక ఉప్పు చల్లినట్లు చల్లినాము. అంతే, పూడ్చలేదు.

నీరు: పైనుండి పోయలేదు. పాత్రను పళ్ళెంలో పెట్టి, పళ్ళెంలో వాననీరు పోసినాము. మన్ను క్రిందినుండి తనకు కావలసినంత పీల్చుకొంటుంది. పైన తడి మెరుపు కనబడగానే పళ్ళెం తీసివేసినాము. మళ్ళీ రంగు తేలినప్పుడు పెట్టినాము.

గాలి, వెలుతురు: తూర్పు వసారాలో, ఎండ నేరుగా పడని చోట. గాజు పలక మూసినాము గాని రోజూ ఉదయం ఒక గంట, సాయంకాలం ఒక గంట తీసి ఉంచినాము. మొలక కనబడిన రోజునే పలకను పూర్తిగా తీసివేసినాము.

పదహారవ రోజున మొలకలు వచ్చినవి. ముప్పై ఎనిమిది. ఈసారి అమ్మాయి లెక్కపెట్టింది గాని వెంటనే వ్రాయలేదు. "అవ్వా, బతికినాకనే రాస్తా" అని మా అమ్మతో చెప్పింది.

నాలుగేసి ఆకులు వేసిన తరువాత వేరు వేరు కుండీలలోకి మార్చినాము. మొలకను కాడ పట్టుకొని లాగరాదు. కాడ నలిగితే ప్రాణం పోయినట్లే. ఆకు కొన పట్టుకొని, క్రిందినుండి పుల్లతో వేళ్ళు లేపవలె. ఇరవై నాలుగు నిలిచినవి.

తరువాత వచ్చినది మంచు. 2024 జనవరిలో ఒక రాత్రి ఆకాశం నిర్మలంగా ఉండి, తెల్లవారేసరికి గడ్డి తెల్లబడింది. నీలగిరులలో ఆకాశం మబ్బు లేని రాత్రులే భయం. మేము రాత్రి డ్యూటీలో ఉన్నాము. ఇంటావిడ తెల్లవారుజామున లేచి చూచేసరికి వసారా అంచున ఉన్న తొమ్మిది మొక్కలు ఉడికిన బచ్చలి కూరలా వ్రాలిపోయి ఉన్నవి. మిగిలిన పదిహేనింటిని ఆమె వంటింటిలోకి చేర్చి కాపాడింది. అప్పటినుండి రాత్రులు గోనెపట్టా కప్పినాము. గెలుపు మాది అని మేము చెప్పుకొంటున్నాము గాని ఆ తెల్లవారుజాము లేకపోతే ఈ ప్రసంగం లేదు.

మార్చి, ఏప్రిల్ నెలలలో ప్రొద్దున, సాయంకాలం పళ్ళెంలో నీరు. జూన్ వానలు పట్టిన తరువాత పదిహేను మొక్కలనూ భూమిలో పెట్టినాము. ఎక్కడ? అడవిలో కాదు. కుండీ మన్నుతో అడవికి తెగుళ్ళు తీసుకొని పోయే ప్రమాదం ఉన్నది, ఆ పని తెలిసినవారు చేయవలె. మా క్వార్టర్ల వెనుక కొండ నుండి ఊట దిగే గట్టు ఒకటి ఉన్నది. పైఅధికారుల అనుమతితో అక్కడ నాటినాము. పదకొండు బ్రతికినవి.

2024 సెప్టెంబరు రెండవ వారంలో మొదటి పువ్వు విచ్చింది. తెలుపే. నడుమ ఎరుపు మాత్రం తల్లిపొదలలో చూచినదానికంటె గాఢంగా ఉన్నది. రెండు కాడలను నమ్ముకొని ఊరకుంటే ఈ ఎరుపు మాకు కనబడేది కాదు. అమ్మకు మోకాళ్ళ నొప్పి. అయినా చేయి పట్టుకొని గట్టు దాకా వచ్చింది. అమ్మాయి పలక తెచ్చి, 31, సున్న ఉన్న చోటనే వాని క్రింద 11 అని వ్రాసి, ప్రక్కన "కొండగోరింట" అని తానే వ్రాసింది. "ట"కు "ఠ" పెట్టింది. మేము దిద్దలేదు, వాళ్ళ అవ్వ దిద్దింది.

కేత్తి అవతల కాలువకు సిమెంటు పడింది. నీరు చక్కగా పోవుచున్నది. ఆ చోట ఇప్పుడు పువ్వులు లేవు.

ఈ సందర్భంలో ఇద్దరు పెద్దలను తలచుకొనవలె. రాబర్ట్ వైట్ అనే ఆంగ్లేయ కంపెనీ వైద్యుడు దక్షిణదేశపు మొక్కలను గురించి 1838 నుండి 1853 వరకు ఆరు సంపుటాల గొప్ప గ్రంథం ప్రకటించినాడు. రెండు వేలకు పైగా బొమ్మలు గల గ్రంథమది. గోరింట జాతి బొమ్మలు కూడా అందులో అనేకం. ఈ జాతి పువ్వు ఎంత పలుచనిదంటే, కాగితాల మధ్య ఎండబెడితే రూపం చెడిపోతుంది. పచ్చి పువ్వును చూచి వేసిన బొమ్మకే విలువ. వైట్ కొరకు బొమ్మలు వేసినవారు మొదట రంగయ్య, తరువాత గోవిందు. తమిళ దేశంలో స్థిరపడిన తెలుగు కుటుంబాలవారని పరిశోధకులు తలచుచున్నారు. గోవిందు పేరు మీద వైట్ ఒక ఆర్కిడ్ ప్రజాతికి గోవిందూయియా అని పేరు కూడా పెట్టినాడు. మనవలెనే ఇల్లు వదలి వచ్చినవారి బిడ్డలు ఈ నేల పువ్వులను అంత శ్రద్ధగా చూచినారు. మనం కిటికీలోనుండైనా చూడవద్దా?

చివరగా ఒక మనవి. సభ ముగిసిన తరువాత విత్తనాల పొట్లాలు ఇవ్వమని కొందరు అడుగుదురు. ఇవ్వము. పొట్లంలో పెట్టిన కొండగోరింట మా చేతిలో ఎట్లా చచ్చిందో చెప్పినాము. కోయంబత్తూరు వేడిలో దీనిని పెంచబోయి బాధపడవద్దు. కొండ క్రింద ఉన్నవారు మన ముద్దగోరింటనే వేసుకొనండి. అది పొడి గింజ నుండి కూడా మొలుస్తుంది, వేడిని ఓర్చుకొంటుంది. నీరు క్రిందినుండి ఇవ్వడం, గాలి ఆడనివ్వడం దానికి కూడా మేలు చేస్తుంది. కాయలు ముదిరినప్పుడు పిల్లలను పిలిచి చిదమనివ్వండి.

కొండ మీద ఉన్నవారు అక్టోబరులో మా యింటికి రండి. ఒక తడి గుడ్డ, ఒక మట్టిపాత్ర తెచ్చుకొనండి. మా గట్టున కాయలకు సంచులు కట్టి ఉంచుతాము. ఆ పూటనే విప్పి, ఆ పూటనే మీ పాత్రలో చల్లుకొని పోవచ్చు. పదకొండు పొదలు ఒక్క గట్టున ఉండడం మాకు భయంగా ఉన్నది. ఒక్క మంచు రాత్రి చాలు. పది ఇళ్ళలో ఉంటే ఆ భయం తగ్గుతుంది.